పూడ్చాల్సిన గొయ్యి ఒకటి మిగిలింది

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు పాస్టరు గారు చనిపోయారు. అప్పటికి చర్చి వెనక సమాధుల దొడ్లో నడుము లోతు తవ్విన గొయ్యి ఒకటి మూడు రోజులుగా తెరిచి ఉంది. అది ఆయన కోసం తవ్వింది కాదు. లక్ష్మణ అనే మనిషి కోసం తవ్వారు. లక్ష్మణ ఆరోగ్యంగా ఉన్నాడు.

ఇవి నిజాలే. కానీ నిజాలను ఇలా ముక్కలుగా వదిలేస్తే ఏమవుతుందో ఆ సమాధుల దొడ్డి విషయంలోనే నాకు ఒకసారి తెలిసివచ్చింది. అందుకని ఈసారి వివరంగా రాస్తున్నాను.

ఆ చర్చి భావనపాడుకు దక్షిణంగా, ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీద ఉంటుంది. పెంకుల కప్పు, ముందు సరుగుడు తోట, వెనక మొగలి పొదల కంచెతో సమాధుల దొడ్డి. ఏటికి ఉత్తరాన ఒక పేట, దక్షిణాన ఒక పేట ఉన్నాయి. రెండూ చేపల వేట మీద బతికేవే. వాటి అసలు పేర్లు రాయడం లేదు, ఉత్తరపేట, దక్షిణపేట అంటాను. మనుషుల పేర్లు కూడా మార్చాను. పాస్టరు గారి సంఘంలో ఉన్నది కొద్ది కుటుంబాలే. మిగిలినవాళ్లంతా అమ్మవారికి మొక్కేవాళ్లు. అయినా రెండు పేటలకూ ఆయన అయ్యగోరే.

నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది ఏడెనిమిదేళ్ల కిందట. గాలివానకు పోయిన తెప్పల గురించి పత్రికకు రాయడానికి వెళ్లి, తిరిగి వస్తూ దొడ్లోకి తొంగిచూశాను. ఒక పక్కన శిలువలున్న సమాధులు. ఇంకో పక్కన పేరు గానీ గుర్తు గానీ లేని మట్టి దిబ్బలు, మనిషి పొడవువి, పదకొండు. అన్నిటికీ కొత్తగా సున్నం కొట్టి ఉంది. దగ్గరలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని అడిగాను.

"ఇవి ఎవరివి తాతా?"

"తగువులోల్లవి బాబు."

"ఏ తగువులు?"

"రెండు పేటల మజ్జిన తగువులు. ఒకటా రెండా." నేను పుస్తకం తీసి రాసుకోవడం చూసి ఆయన నోరు మూసుకున్నాడు.

నేను ఇంకెవరినీ అడగలేదు. శ్రీకాకుళం చేరి, పేటల మధ్య కక్షల్లో పదకొండు మంది గుట్టుగా సమాధి అయ్యారని తంతి ఇచ్చాను. అది అచ్చయింది. నాలుగో రోజున ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, పారలు పట్టుకున్న కూలీలు దిబ్బ మీదికి వచ్చారు. నేను కూడా వెళ్లాను. రెండు పేటల జనం కంచె చుట్టూ నిలబడి ఉన్నారు. పాస్టరు గారిని అప్పుడే మొదటిసారి చూశాను. పొట్టి మనిషి, చేతిలో అతుకుల గొడుగు.

"ఇందులో ఎవరున్నారు?" అని ఎస్సై మొదటి దిబ్బ చూపించి ఆయన్ని అడిగాడు.

"ఎవులూ లేరు బాబూ."

"ఎవరూ లేకపోతే సమాధి ఎందుకు కట్టారు?"

"ఎవులూ లేకండా ఉండాలనే కట్టినాం."

ఎస్సై తవ్వమన్నాడు. కూలీలు ఛాతీ లోతుకు వెళ్లారు. ఎముక తగల్లేదు. చివరికి పార మొనకు ఒక గుడ్డ తగిలింది. పైకి తీసి దులిపారు. ఎర్ర అంచు తువ్వాలు, సగం చివికింది. అప్పుడు వెనక నుంచి ఒక మనిషి ముందుకు వచ్చాడు.

"అది నాదండి" అన్నాడు.

"నీ తువ్వాలు ఇందులోకి ఎలా వచ్చింది?"

"నానే ఏసినానండి. అది నా గొయ్యి."

"నీ పేరేంటి?"

"అప్పన్నండి."

"నువ్వు బతికే ఉన్నావు కదా?"

"అదేనండి మరి."

అతని భార్య సూరమ్మ జనంలోంచి అంది: "మూసిన గొయ్యి తెరిసేసినారు. ఇప్పుడెవులు మూస్తారు? పేపర్లో రాసిన ఆ బాబు మూస్తాడేటి?"

ఇంకో రెండు తవ్వారు. ఒకదాంట్లో ఇంకో తువ్వాలు, ఒకదాంట్లో తాటాకు టోపీ. వాటి సొంతదారులు కూడా గుంపులోనే ఉన్నారు. ఒకడు తన టోపీ చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎస్సై చేతులు కడుక్కుని, జీపెక్కాడు. పాస్టరు గారు వచ్చి నా చేతికి పార ఇచ్చారు. సూరమ్మ అన్నది ఆయన విన్నారని అర్థమయింది. మూడు గోతులూ పూడ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పన్న గొయ్యి అప్పన్నా నేనూ కలిసి పూడ్చాం. మట్టి వేస్తున్నంతసేపూ అతను గోతిలోకి చూస్తూనే ఉన్నాడు, లోపల ఎవరో ఉన్నట్టు, వాళ్ల మొహం మీద పడకుండా వేస్తున్నట్టు.

తర్వాత అమ్మగారు, అంటే పాస్టరు గారి భార్య, అందరికీ అంబలి పోశారు. అప్పుడు పాస్టరు గారే అసలు సంగతి చెప్పారు.

ఆయన తండ్రి రంగూన్ రేవులో మూటలు మోసిన మనిషి. ఈయన చదువుకున్నదీ అక్కడే. యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు మన జిల్లా నుంచి వెళ్లిన జనంతో పాటు కొండల మీదుగా నడిచి వచ్చారు. తండ్రి దారిలో పోయాడు. తవ్వడానికి పార లేక అన్నం తినే పళ్లెంతో తవ్వారు. ఒక పూట పట్టింది. ఆ పూటలోనే, ఆయన చూస్తుండగా, ఊటనీళ్ల దగ్గర ఒకడు ఇంకొకణ్ని రాయెత్తి కొట్టి చంపాడు. చంపినవాడు చెంబు నింపుకుని నడిచి వెళ్లిపోయాడు. చచ్చినవాణ్ని కూడా ఈయనే పూడ్చారు.

"సంపడం ఒక్క దెబ్బ పని బాబూ. పూడ్సడం పూట పని" అన్నారు. "సంపినోడే పూడ్సాల, అదీ ముందే పూడ్సాల అంటే, సానామందికి ఓపిక సాల్దు."

ఆయన పద్ధతి ఇది. ఒకడు ఇంకొకణ్ని చంపుతానని ఒట్టు పెట్టుకుంటే, ఆయన ఆ ఇద్దరినీ దొడ్డికి పిలుస్తారు. ఒట్టు పెట్టినవాడే అవతలి మనిషి ఎత్తు తాటాకుతో కొలవాలి. మడమ దగ్గర ఆకు తొక్కిపట్టి, తల మీద అరచెయ్యి ఆనించి కొలవాలి. ఆ కొలతకు గొయ్యి తవ్వాలి. ఒట్టు పెట్టినవాడు తవ్వుతుంటే, చావాల్సినవాడు మట్టి తోడిపోయాలి. లోతు ఛాతీ దాకా వచ్చాక చావాల్సినవాడు అందులో పడుకుంటాడు. రెండోవాడు పార పట్టుకుని గట్టు మీద నిలబడతాడు. అప్పుడు పాస్టరు గారు ఒకే మాట అడుగుతారు: "ఏస్తావా?"

అంతే. ప్రార్థన లేదు, వాక్యం చదవడం లేదు. తవ్వుతున్నంతసేపూ ఆయన పీట మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీసుకుంటూ ఉండేవారు. ఎవరూ మట్టి వేయకపోతే, పడుకున్నవాడు లేచి తన ఒంటి మీది బట్టో, టోపీయో ఒకటి గోతిలో వేస్తాడు. ఇద్దరూ కలిసి ఖాళీ గొయ్యి పూడుస్తారు. తాటాకు కొలత మాత్రం చర్చి పక్క గదిలో వాసానికి వేలాడదీస్తారు. ఆ గదిలోకి గాలి వస్తే ఆ ఆకులన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ చప్పుడు చేసేవి. నిలువెత్తు ఆకులు. నేను వాటి మధ్య నుంచి నడిచినప్పుడల్లా భుజాలు ముడుచుకునేవాణ్ని.

అమ్మవారి గుడి దగ్గర కాకుండా ఇక్కడికి ఎందుకు వస్తారని అప్పన్నను అడిగాను. "అమ్మోరు కాడైతే ఆయమ్మ ఎవుల పక్కనుంటాదో అని ఇద్దరికీ అనుమానం. ఈ మట్టి ఎవులికీ సుట్టం కాదు" అన్నాడు.

సవరణ రాస్తానని పాస్టరు గారితో చెప్పాను. పదకొండు సమాధుల్లోనూ మనుషులు లేరని రాస్తానన్నాను.

"అలగ రాయకు" అన్నారు. "పది అని రాయి."

పదకొండో దిబ్బ దగ్గరికి తీసుకెళ్లారు. అది మొదట్లో తవ్విన గొయ్యి. ఆ రోజు తవ్వకం ఆలస్యమైంది. మధ్యాహ్నం ఈయనకు ఆకలి వేసి, తినివస్తానని లేచి వెళ్లారు. వచ్చేసరికి తవ్వేవాడు పార పారేసి వెళ్లిపోయాడు. గొయ్యి తెరిచే ఉండిపోయింది. రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అనుకున్నారు. మూడు నెలల తర్వాత ఆ గొయ్యి ఎవరి కొలతకు తవ్వారో ఆ మనిషి శవాన్నే తెచ్చి అందులో పెట్టాల్సి వచ్చింది.

"తెరిసిన గొయ్యి ఊరుకోదు అంటారు ఈల్లు. గొయ్యికేటి తెలుసు బాబూ? తెరిసి వదిలేసినోడికి తెలియాల" అన్నారు.

అప్పటి నుంచి గొయ్యి తవ్వుతున్న రోజు అది పూడే దాకా ఆయన ఏమీ తినలేదు, పీట మీంచి లేవలేదు. సవరణలో పది అనే రాశాను.

ఆ తర్వాత నేను ఏటా ఈస్టరుకు అక్కడికి వెళ్లేవాణ్ని. ఆ తెల్లవారుజామున సంఘం వాళ్లు తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి పూలు పెడతారు. క్రైస్తవులు కాకపోయినా, ఆ పదిమందీ కూడా వచ్చేవాళ్లు. ఎవరి దిబ్బకు వాళ్లు సున్నం వేసుకునేవాళ్లు. తన సమాధికి తానే సున్నం కొట్టుకుని, పక్కన కూర్చుని చుట్ట కాల్చుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పన్న చిన్న కూతురు ఒకసారి నా వేలు పట్టుకుని తీసుకెళ్లి చూపించింది: "ఇది మా అయ్యది." ఆ అయ్య అవతల నిలబడి సున్నం చేతులు ఇసుకలో రుద్దుకుంటున్నాడు. ఆ పిల్లకు అందులో వింత ఏమీ లేదు.

రెండేళ్ల కిందట అప్పన్న పచ్చకామెర్లతో పోయాడు. పాస్టరు గారు గదిలోంచి అతని తాటాకు తీసి, ఇంటికి తీసుకెళ్లి శవం పక్కన పెట్టారు. ఆకు శవం కంటే బెత్తెడు పొడవుంది. "ముసలోడై కుంగినాడు" అన్నారు. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. చావు ఇంట్లో అలా ఉండకూడదని వెంటనే తల దించుకున్నారు. అంత సంతోషం నేను ఆయనలో మరెప్పుడూ చూడలేదు.

శాంతి అనే మాట ఆయన నోట వినలేదు. ఎందుకని అడిగితే, "ఆ మాటంటే ఇద్దరూ నాకేసి సూస్తారు. గొయ్యి అంటే ఒకల మొకం ఒకలు సూసుకుంటారు" అన్నారు.

ఇప్పుడు కొండల్లో జరుగుతున్న కాల్పులు, హత్యలు పాఠకులకు తెలుసు. నేను మళ్లీ చెప్పను. కొంతకాలం కిందట పట్టణంలో పెద్దమనుషులు, అధికారులు కూర్చున్న ఒక సమావేశానికి ఆయన్ని కూడా పిలిచారు. అందరూ మాట్లాడారు. ఆయన వంతు వచ్చినప్పుడు లేచి, "కొలతలు ఎవులి కాడున్నాయి?" అని అడిగారు. ఎవరికీ అర్థం కాలేదు. "ఎవులు ఎవుల్ని సంపుతామంటన్నారో, ఆల్ల ఎత్తు ఎంతో ఈ గదిలో ఎవులికైనా తెలుసా?" ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన టీ తెమ్మన్నాడు. పాస్టరు గారు కూర్చున్నారు.

మర్నాడు ఆయన ఎండు తాటాకుల కట్ట ఒకటి గొడుగుకు కట్టుకుని పాతపట్నం బస్సెక్కారు. అక్కడి నుంచి నడిచి కొండల కిందికి వెళ్లారు. పది రోజుల తర్వాత తిరిగొచ్చారు. నేను చూడ్డానికి వెళ్లాను. కట్టలో ఆకులన్నీ కత్తిరించి ఉన్నాయి. వాటిని ఆయన గదిలో మిగిలినవాటితో పాటు కాకుండా, విడిగా, కిటికీ పక్క వాసానికి వేలాడదీశారు. అందులో రెండు ఆకులు నా మోకాలికి కాస్త పైదాకా మాత్రమే ఉన్నాయి.

"ఇవి ఎవరివి?" అన్నాను.

"అడక్కు. కొలిసినాను, అంతే."

"బతికున్నవాళ్లవేనా?"

ఆయన చింతపండు పళ్లెం ముందుకు లాక్కున్నారు. పిక్కలు ఒక్కొక్కటే తీసి పళ్లెంలో వేయసాగారు. వృత్తి రీత్యా నేను రెండుసార్లు అడగాల్సింది. అడగలేదు. ఆ ఆకులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఇక తెరిచి ఉన్న గొయ్యి సంగతి.

పోయిన వర్షాకాలంలో ఏరు సముద్రంలో కలిసే మొగలో రెండు పేటల వలలు చిక్కుపడ్డాయి. దక్షిణపేట లక్ష్మణ కత్తితో తాడు కోశాడు. ఆ ఊపుకు ఉత్తరపేట తెప్ప తిరగబడింది. దాని మీదున్న ఇద్దరు అన్నదమ్ముల్లో అన్న కూర్మయ్య ఈది బయటపడ్డాడు. తమ్ముడు దొరకలేదు. శవం కూడా ఒడ్డుకు రాలేదు. తన తెప్ప మునిగిపోతుంటే కోశానని లక్ష్మణ అంటాడు. కావాలనే కోశాడని కూర్మయ్య అంటాడు. ఇద్దరూ తప్ప చూసినవాళ్లు లేరు. తమ్ముడు పోయిన చోటే లక్ష్మణను ముంచుతానని కూర్మయ్య అందరి ముందూ ఒట్టు పెట్టాడు. అప్పటి నుంచి లక్ష్మణ ఒంటరిగా వేటకు పోలేదు.

ఐదు నెలలు తిరిగి పాస్టరు గారు కూర్మయ్యను ఒప్పించారు. పోయిన శనివారం ఉదయం ఇద్దరూ దొడ్డికి వచ్చారు. నేను అక్కడ లేను. జరిగింది అమ్మగారు, లక్ష్మణ భార్య పోలమ్మ విడివిడిగా చెప్పారు. రెండు కథనాలూ కలిశాయి.

కూర్మయ్య లక్ష్మణను కొలిచాడు. తల మీద చెయ్యి పెట్టాల్సి వచ్చినప్పుడు చాలాసేపు ఆగాడు.

"పెట్టు బావా, కరవను" అన్నాడు లక్ష్మణ.

"బావా గీవా అనకు. నోరు మూసుకుని నిలబడు" అన్నాడు కూర్మయ్య.

తవ్వడం మొదలైంది. గంటన్నరలో నడుము లోతు వచ్చింది. కింద బంకమట్టి తగిలి పని నెమ్మదించింది. పాస్టరు గారు పీట మీంచి పక్కకు ఒరిగారు. చింతపిక్కలు ఇసుకలో పడిపోయాయి. పార పారేసి కూర్మయ్య, మట్టి తట్ట వదిలేసి లక్ష్మణ, ఆయన్ని చెరోవైపు ఎత్తి ఇంట్లోకి తీసుకొచ్చారు. మంచం మీద పడుకోబెట్టాక, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చెరో గుమ్మంలోంచి వెళ్లిపోయారు.

తర్వాతి మూడు రోజులూ ఆయనకు నోరు సరిగా తిరగలేదు. టెక్కలి నుంచి వచ్చిన డాక్టరు పక్షవాతం అన్నారు. మంగళవారం ఉదయం ఆయన కళ్లు తెరిచి అమ్మగారిని అడిగిన మాట ఒక్కటే స్పష్టంగా వచ్చిందట: "పూడ్సినారా?"

"లేదు" అన్నారు అమ్మగారు.

పూడ్చారని ఒక మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా అని సంఘ పెద్ద తర్వాత అన్నాడు. "పాతికేళ్లు ఆయనకి అబద్దం సెప్పలేదు. ఆకరి పూట ఎలగ సెప్తాను?" అన్నారావిడ.

సమాధి ఎక్కడ అన్న చర్చ మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. సంఘ పెద్ద మంచి ఉద్దేశంతోనే అన్నాడు: "తవ్విన గొయ్యి ఉండగా ఇంకోటెందుకమ్మా? అందులోనే అయ్యగోర్ని పెడితే అదీ పూడతాది, ఆల్ల తగువూ పూడతాది."

"అది లక్ష్మణ కొలత. మా ఆయన జానెడు పొట్టి" అన్నారు అమ్మగారు. "బతికున్నన్నాల్లూ ఇంకొకల సొక్కా తొడుక్కోలేదు. సచ్చినాక ఇంకొకల గోతిలో ఎందుకు పడుకుంటాడు?"

ఆయనకు వేరే గొయ్యి తవ్వారు. మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు మట్టి చేశారు. రెండు పేటల నుంచి వచ్చిన జనంతో సరుగుడు తోట నిండిపోయింది. లక్ష్మణ శవపెట్టె మోశాడు. కూర్మయ్య కంచె అవతలే నిలబడి, అంతా అయ్యాక వెళ్లిపోయాడు.

అప్పటికే పేటల్లో మాటలు మొదలయ్యాయి. దక్షిణపేట ఆడవాళ్లు, గొయ్యి అడిగిన మనిషి దొరక్క అయ్యగోర్ని పట్టుకుపోయింది, ఇక లక్ష్మణ జోలికి రాదు అంటున్నారు. ఉత్తరపేటలో, ఆయనకు వేరే గొయ్యి తవ్వారు గనక ఇది ఇంకా నోరు తెరుచుకునే ఉంది అంటున్నారు. పోలమ్మ రెండూ నమ్మడం లేదు. "గొయ్యి లేసి వస్తాదేటి బాబూ? నాకు కూర్మయ్యంటే బయం" అంది. ఆవిడ మాటే నాకు సరిగా అనిపించింది.

బుధవారం ఉదయం నేను వెళ్లేసరికి అమ్మగారు ఆ గొయ్యి అంచున నిలబడి ఉన్నారు. నన్ను చూసి లోపలికి చెయ్యి చూపించారు. అడుగున ఇసుక, బంకమట్టి కలిసి తడిగా ఉన్నాయి. ఆ తడి మీద ఒక మనిషి వెల్లకిలా పడుకున్న ముద్ర ఉంది. మడమలు, వీపు, తల వెనక భాగం, అన్నీ తెలుస్తున్నాయి. దిగిన అడుగులు గానీ ఎక్కిన అడుగులు గానీ నాకు కనిపించలేదు. అయితే గట్టు ఇసుక బాగా జారి ఉంది, కాబట్టి అడుగులు చెరిగిపోయి ఉండొచ్చు.

అమ్మగారు లోపలికి వెళ్లి లక్ష్మణ తాటాకు తెచ్చి గోతిలోకి దించారు. ముద్ర ఆకు కంటే బాగా పొట్టిగా ఉంది. లక్ష్మణ కాదు. కూర్మయ్య లక్ష్మణ కంటే పొడుగు, కాబట్టి అతనూ కాదు. ఎవరో పడుకున్నారు. అది మాత్రమే నేను రాయగలను. పది గంటలయ్యేసరికి ఊటనీరు ఊరి ముద్ర కరిగిపోయింది.

పదకొండున్నరకు కూర్మయ్య వచ్చాడు. ఆకుల గది ముందు వరండాలో నిలబడ్డాడు. ముద్ర సంగతి అమ్మగారూ నేనూ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"ఏటి కావాలి నాయనా?" అన్నారు అమ్మగారు.

"ఒక ఆకు ఇయ్యండమ్మా."

ఆవిడ ఇచ్చారు. అతను ఆకు కొసను కాలి మడమ కింద తొక్కిపట్టి, నిటారుగా పైకి లాగి, తన భుజం దగ్గర బొటనవేలు ఆనించి అక్కడికి కోశాడు.

"మా వోడు నా బుజం దాకా వచ్చీవోడు" అన్నాడు.

ఆకు అమ్మగారి చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. నేనూ చూశాను. పొద్దున చూసిన ముద్ర అంత ఉందా, లేదా అన్నది నేను చెప్పలేను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆ ఎత్తు మనుషులు రెండు పేటల్లోనూ ఎంతమందో ఉంటారు.

"గొయ్యి ఏటి సేస్తావు?" అని అడిగారు అమ్మగారు.

"తవ్వుతాను. సగంలో వదిలేస్తే అయ్యగోరికి కోపం."

"ఎవుల కొలతకి?"

కూర్మయ్య గది తలుపులోంచి వాసాలకు వేలాడుతున్న ఆకుల వైపు చూశాడు. "తవ్వినాక సూద్దాం" అన్నాడు. "లక్ష్మణని రమ్మనండి. ఒంటరిగా రమ్మనండి."

ఆ కబురు నేనే దక్షిణపేటకు తీసుకెళ్లాను. లక్ష్మణ వల అల్లుతూ విన్నాడు. పోలమ్మ వెళ్లొద్దంది. "ఆ దొడ్లో నిన్ను కాసుకోడానికి ఇప్పుడు ఎవులున్నారు? ఆయన పోనాడు కదా" అంది. మేం ఇరవై మందిమి కంచె బయట ఉంటాం అన్నారు పేట పెద్దలు. లక్ష్మణ వద్దన్నాడు. "ఇరవై మంది వస్తే ఆడూ ఇరవై మందిని తెస్తాడు. అప్పుడు ఒక్క గొయ్యి సాలదు" అన్నాడు. ఠాణాకు కబురు పెట్టనా అని నేను అడిగాను. దానికీ వద్దన్నాడు.

ఇది గురువారం రాస్తున్నాను. పాస్టరు గారు బతికి ఉంటే, నన్ను ఈ వార్త ముగించనిచ్చేవారు కాదు, గొయ్యి పూడాక రాయమనేవారు. నేను ఎదురుచూడలేకపోయాను. ఆయన ఎవరో తెలియకుండానే ఆయన గురించి మొదట తప్పు రాసిన మనిషిని నేను. ఆయన పోయాక కనీసం తెలిసినంతవరకు సరిగా రాయాలనిపించింది. గోతిలో పడుకుని లేచిన పదిమంది మగవాళ్లలో, అప్పన్న పోగా మిగిలిన తొమ్మిదిమంది ఈరోజు ఆ పేటల్లో, ఆయన అడిగిన ఒక్క మాటకు జవాబు రాకపోవడం వల్ల బతికి ఉన్నారు. ఇంతకంటే పెద్ద మాట ఆయన గురించి వాడితే ఆయనకు నచ్చదు.

రేపు, శుక్రవారం, ఉదయం ఎనిమిది గంటలకు కూర్మయ్య, లక్ష్మణ దొడ్డికి వస్తారు. వస్తామని ఇద్దరూ చెప్పారు. పీట మీద అమ్మగారు కూర్చుంటారు. పొద్దున్నే పొయ్యి వెలిగించనని ఆవిడ పక్కింటివాళ్లకు చెప్పారు. చివర అడగాల్సిన మాట ఆవిడ అడుగుతారు. ఛాతీ లోతు రావాలంటే ఇంకా రెండు అడుగులు తవ్వాలి.